క్యాజువాలిటీ రిజిస్టరు పట్టిచ్చిన ధూళి

1980లలో స్పెయిన్‌లోని బార్సిలోనాలో ఉన్నట్టుండి ఓ రోజు ఆస్పత్రుల ఎమర్జెన్సీ విభాగాలు ఊపిరాడనివాళ్లతో నిండిపోయేవి. మర్నాటికి మళ్లీ మామూలే. 1981–87 మధ్య అలాంటి విజృంభణలు 26 బయటపడ్డాయి. పరిశోధకులు జోసెప్ ఆంతో, జోర్డి సున్యేర్‌ల బృందం ఎమర్జెన్సీ రికార్డుల్లో ఉబ్బసం కేసులు ఎగబాకిన తేదీలను, రేవులో ఏ సరుకు ఎప్పుడు దిగిందో చెప్పే లెక్కలతో సరిపోల్చింది. రెండేళ్ల రికార్డుల్లో అలాంటి రోజులు 13 తేలాయి. పదమూడింటిలోనూ ఓడల నుంచి సోయా గింజలు దించారు. రేవులో గింజలు నిల్వచేసే ఒక సైలోకు ధూళిని పట్టే ఫిల్టర్లు లేవు, గాలేమో ఊరివైపు వీచింది. ఫిల్టర్లు బిగించాక బెడద తగ్గింది. రద్దీలో గబగబా గీకిన రాతలే ఇంత పని చేశాయి.

ఆ రాతలను నమ్మొచ్చా అన్నది న్యాయమైన ప్రశ్నే. ఆయాసంతో వచ్చిన మనిషిని డాక్టరు ముందు కుదుటపరుస్తాడు, జబ్బుకు పేరు తర్వాత పెడతాడు. నెబ్యులైజర్‌లో సాల్బుటమాల్ వేసి, తేరుకోగానే ఇంటికి పంపేస్తారు. ఊపిరి సామర్థ్యాన్ని కొలిచే స్పైరోమెట్రీకి తీరిక ఉండదు. చీటీ మీద ‘ఆయాసం’ అనో, ‘పిల్లికూతలు’ అనో, ‘ఉబ్బసం’ పక్కన ప్రశ్నార్థకంతోనో ఉంటుంది. చిన్నపిల్లల పిల్లికూతలకు తరచూ వైరస్ కారణం. ఏళ్ల తరబడి పొగతాగిన పెద్దాయనది సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు కావచ్చు. గుండె బలహీనపడినా ఆయాసం వస్తుంది. ఉబ్బసానికి ఇచ్చే జె45 కోడ్ ఉన్నవాటినే ఏరితే నిజమైన కేసులు కొన్ని జారిపోతాయి. ఆయాసం అన్నవన్నీ కలుపుకుంటే కానివీ చేరతాయి.

ఒక రోగికి మందు రాయడానికైతే ఈ తప్పు ప్రమాదమే. ఊరికేమవుతోందో తెలుసుకోవడానికి మాత్రం అంత కచ్చితత్వం అక్కర్లేదని నా వాదన. తప్పు రోజూ ఒకే తీరున జరుగుతుంటే మామూలు రోజుల సంఖ్య కాస్త అటూ ఇటూ అవుతుంది గానీ, ఉప్పెన దాక్కోదు. 2016 నవంబర్ 21న ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఉరుములతో వచ్చిన గాలివాన రై గడ్డి పుప్పొడిని జనం మీదికి తెచ్చింది. 30 గంటల్లో శ్వాస ఇబ్బందులతో ఎమర్జెన్సీకి మామూలుకన్నా 3,365 మంది ఎక్కువ వచ్చారు, పదిమంది చనిపోయారు. వీరిలో ఎందరిది అచ్చమైన ఉబ్బసమో తేల్చాకే హెచ్చరిస్తామంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

తప్పు రోజూ ఒకే తీరున ఉంటుందన్న హామీ ఏదీ అంటే, అది గట్టి అభ్యంతరమే. అమెరికా ఆస్పత్రులు 2015 అక్టోబర్‌లో ఉబ్బసానికి 493 కోడ్ వదిలి జె45కు మారాయి. అలాంటి మార్పుతో జబ్బు పెరగకుండానే సంఖ్య కదలొచ్చు. ఊళ్లో కాలుష్యం గురించి గోల మొదలైతే అనుమానపు కేసులకు కూడా ఉబ్బసమని రాసే అవకాశం ఉంది. అందుకే ఉబ్బసం కోడ్ ఉన్నవాటి ఇరుకు లెక్క, ఆయాసం అన్నవన్నీ కలిపిన విశాలమైన లెక్క రెండూ పక్కపక్కన ఉంచుకోవాలి; అప్పుడప్పుడూ కొన్ని చీటీలు తీసి ఎవరైనా అక్షరం అక్షరం చదవాలి. ఇరుకు లెక్క ఒక్కటే లేస్తే గాలికన్నా ముందు కలాన్ని అనుమానించాలి.

మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో ఉబ్బసానికని ఇచ్చే చేప మందు కోసం ఎన్ని వేలమంది వచ్చారో మన పత్రికలు రాస్తుంటాయి. దీపావళి మర్నాడు ఎందరికి నెబ్యులైజర్ పెట్టాల్సి వచ్చిందో కూడా రాయొచ్చు. మొదలుపెట్టడానికి రిజిస్టరులో రెండు గళ్లు సరిగా నిండితే చాలు: వచ్చిన వేళ, ఇచ్చిన మందు.