ప్రొడక్షన్ మేనేజర్ కావాలనుకుంటున్నారా? హైదరాబాద్ బస్సెక్కే ముందు ఇది చదవండి

డిగ్రీ అయిపోయింది. సినిమా అంటే ఇష్టం, కెమెరా ముందు నిలబడాలని మాత్రం లేదు. మీరు ఇలాంటివారైతే ఈ సమాచారం మీ కోసమే.

ఆ పని ఏంటి?

షూటింగ్‌కు డబ్బు పెట్టేది నిర్మాత. ఆ డబ్బు ఏ రోజు, ఎక్కడ, ఎంత ఖర్చవ్వాలో చూసేది ప్రొడక్షన్ మేనేజర్. రేపు పొద్దున ఎంతమంది వస్తున్నారు, ఎన్ని బండ్లు కావాలి, టిఫిన్లు ఎన్ని, జనరేటర్‌లో డీజిల్ ఉందా, జూనియర్ ఆర్టిస్టుల బేటా సాయంత్రానికి చేతికి అందుతుందా, ఇవన్నీ ఆయన లెక్కే. వాన పడితే లోపల తీసుకునే సీన్ ఒకటి సిద్ధంగా ఉండాలి. టీవీ సీరియల్‌లో అయితే రోజూ ఎపిసోడ్ వెళ్లాల్సిందే, కాబట్టి ఒక్క రోజు షూటింగ్ ఆగినా కంగారే.

అనుమతులు తేవడం కూడా ఈ పనిలో భాగమే. చాలామంది తడబడేది ఇక్కడే. ఎద్దుల బండి సీన్ ఉందనుకోండి, ఎద్దులు మన ఊరివే అయినా సరే, భారత జంతు సంక్షేమ బోర్డు అనుమతి తీసుకోవాలి. పిల్లలు నటిస్తుంటే షూటింగ్ జరిగే జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్, అనుమతి ఉండాలి. పిల్లలతో రోజుకు 5 గంటలకు మించి పని చేయించకూడదు. విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు. వాళ్ల సంపాదనలో కనీసం 20 శాతం వాళ్ల పేరునే బ్యాంకులో డిపాజిట్ చేయాలి. రేపు షూటింగ్ అనగా ఇవాళ సాయంత్రం ఫైలు పట్టుకుని కలెక్టరేట్‌కు పరుగెత్తుకొచ్చిన వాళ్లను చూశాను. ఆ పరుగు ఎవరికీ మంచిది కాదు.

ఎలా చేరాలి?

నేరుగా మేనేజర్ పోస్టు ఎవరూ ఇవ్వరు. ముందు ప్రొడక్షన్ అసిస్టెంట్‌గా వోచర్లు రాయాలి, బిల్లులు సర్దాలి. బీకాం చదివినవాళ్లకు ఇది కలిసొస్తుంది. ఎక్సెల్, డ్రైవింగ్, కాస్త హిందీ వస్తే ఇంకా మేలు. చదువుకుని వెళ్లాలనుకుంటే కోల్‌కతాలోని సత్యజిత్ రే ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్‌లో నిర్మాణ విభాగం కోర్సు ఉంది. డిగ్రీ పూర్తయ్యాక ప్రవేశ పరీక్ష రాయాలి.

డబ్బు కట్టి చేరే దారి మాత్రం లేదు. ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. సీరియల్‌లో మేనేజర్ పని ఇప్పిస్తానన్న ఒక ఏజెంటుకు 60 వేలు ఇచ్చి, నెల రోజులు కృష్ణానగర్‌లో తిరిగి వచ్చిన కుర్రాడు మా ఆఫీసుకు వచ్చాడు. చేతిలో రసీదు లేదు. వాళ్ల నాన్న అప్పు తెచ్చిన డబ్బది. ఇలా ఆన్‌లైన్‌లో డబ్బు పంపి మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమైతే ఆ డబ్బు వేరే ఖాతాలకు వెళ్లిపోతుంది. యూనియన్ కార్డు కోసమైతే యూనియన్ ఆఫీసులోనే కట్టి రసీదు అడగండి.

వెళ్లే ముందు చేసుకోవాల్సినవి

కొత్తగా చేరినవాళ్లకు పని షెడ్యూల్ లెక్కన ఉంటుంది. పీఎఫ్, ఈఎస్ఐ సాధారణంగా ఉండవు. అర్ధరాత్రి ప్యాకప్ అయ్యాక బండి మీద రూముకు వెళ్తూ ప్రమాదం జరిగితే ఇంటివాళ్లకు ఏ ఆధారమూ మిగలదు. అందుకే రెండు పనులు ఊళ్లోనే ముగించుకోండి.

ఒకటి, ఈ-శ్రమ్ నమోదు. 16 నుంచి 59 ఏళ్ల అసంఘటిత కార్మికులు అర్హులు. పీఎఫ్, ఈఎస్ఐ సభ్యులకు, ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు వర్తించదు. ఆధార్, దానికి లింకైన ఫోను, బ్యాంకు పాసుబుక్కు తీసుకుని కామన్ సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. నమోదు ఉచితం. సందేహాలకు 14434.

రెండోది, ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన. 18 నుంచి 70 ఏళ్లవారు మీ ఖాతా ఉన్న బ్యాంకులో చేరవచ్చు. ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో మరణిస్తే నామినీకి 2 లక్షలు వస్తాయి. నామినీ పేరు తప్పకుండా రాయించండి, ఇంట్లోనూ చెప్పి వెళ్లండి. ప్రీమియం ఏటా మే నెలాఖరులో ఖాతాలోంచి కట్ అవుతుంది. అప్పుడు ఆ 20 రూపాయలు లేకపోతే బీమా ఆగిపోతుంది.