షోరూమ్ చెప్పిన వడ్డీ, చెప్పని వాటా

మన సంఘం స్కాలర్‌షిప్‌తో నర్సింగ్ చదివి ఇంగ్లండులో స్థిరపడిన నా పాత విద్యార్థి ఒకడు ఈమధ్య రాత్రి పూట ఫోను చేశాడు. సలాములు, యోగక్షేమాలు అయ్యాక అసలు సంగతికి వచ్చాడు. "సార్, 2018లో నేను లోను మీద పాత కారు కొన్నాను. ఆ వడ్డీలో షోరూమ్ వాళ్ళు నాకు చెప్పకుండా కమీషన్ తిన్నారట. తిరిగి ఇప్పిస్తామని ఒక కంపెనీ కాగితాలు పంపింది. సంతకం పెట్టమంటారా?"

నాకు కారు లేదు, ఉన్నది పాత స్కూటరు. కానీ ముప్పై ఏళ్ళుగా వడ్డీ లెక్కలు చెబుతున్నవాణ్ణి. కాగితాలు పంపమన్నాను. మన పిల్లలు చాలామంది ఆ దేశంలో ఉన్నారు. వారి తల్లిదండ్రులు కూడా ఈ సంచిక చదువుతారు కాబట్టి తెలుసుకున్నది రాస్తున్నాను.

బ్రిటన్‌లో కారు అమ్మే డీలరే అప్పు కూడా కుదురుస్తాడు. డబ్బు ఫైనాన్సు కంపెనీది, ఫారం నింపేది డీలరు. 2021 జనవరి 28 వరకు అక్కడ ఒక పద్ధతి నడిచింది. ఫైనాన్సు కంపెనీ "ఇంత నుంచి ఇంత వరకు" అని వడ్డీకి హద్దులు చెప్పేది. ఆ హద్దుల్లో మనకు ఎంత వేయాలన్నది డీలరు ఇష్టం. ఎక్కువ వేస్తే అతని కమీషన్ ఎక్కువ, తక్కువ వేస్తే తక్కువ. మనకు మేలు చేస్తే అతనికి నష్టమన్నమాట. ఈ సంగతి కొనేవాడికి తెలియదు. గంటసేపు బేరమాడి కారు ధరలో రెండు వందల పౌండ్లు తగ్గించుకుని సంతోషంగా పక్క బల్ల దగ్గర సంతకం పెట్టేవాడు.

ఆ బల్ల దగ్గర ఏం పోతుందో లెక్క చూద్దాం. 10,000 పౌండ్ల అప్పు, నాలుగేళ్ళు, నెలవారీ వాయిదాలు. వడ్డీ 5 శాతమైతే వాయిదా సుమారు 230 పౌండ్లు. 10 శాతమైతే సుమారు 254. నెలకు ఇరవై నాలుగు పౌండ్లు ఎక్కువ కాబట్టి పెద్దగా కనబడదు. నలభై ఎనిమిది నెలలకు కూడితే 1,100 పౌండ్లు దాటుతుంది. ఇది నేను ఊహించుకున్న లెక్క కాదు. రుణ వ్యాపారాన్ని పర్యవేక్షించే అక్కడి ఫైనాన్షియల్ కాండక్ట్ అథారిటీ కూడా 2019లో ఇలాంటి అప్పు మీద అదనపు భారం సుమారు 1,100 పౌండ్లని చెప్పింది. ఆ తర్వాతే ఆ పద్ధతిని నిషేధించింది.

పాత అప్పుల మాట కోర్టులకెక్కింది. 2024 అక్టోబరులో అప్పీలు కోర్టు కొనుగోలుదారుల పక్షాన గట్టి తీర్పు ఇచ్చింది. 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు దాన్ని చాలావరకు కొట్టేసింది. డీలరు తన సరుకు అమ్ముకునే వ్యాపారి, మన తరఫున పనిచేస్తానని మాట ఇచ్చిన వకీలు కాడు అన్నది దాని సారాంశం. వినడానికి కష్టంగా ఉన్నా, నా మటుకు నాకు అది సబబే అనిపించింది. కమీషన్ తీసుకోవడమే నేరమంటే లోకంలో వ్యాపారం సాగదు.

అయితే మూడు కేసుల్లో ఒకదాన్ని మాత్రం అదే కోర్టు నిలబెట్టింది. ఆరున్నర వేల పౌండ్ల పాత కారు కొన్న ఒకరి అప్పులో డీలరుకు ముట్టిన కమీషన్ 1,650 పౌండ్ల పైమాట. అతను అప్పుకు కట్టాల్సిన మొత్తం ఖర్చులో అది 55 శాతం. పైగా పలు కంపెనీల్లోంచి మంచిది చూసి పెడుతున్నట్టు కాగితాల్లో ఉన్నా, లోపల ఒకే కంపెనీకి మొదటి అవకాశం ఇచ్చే ఒప్పందం ఉంది. 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం కింద ఇది అన్యాయమని, ఆ కమీషన్ వడ్డీతో సహా ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఆ మనిషి కాగితాలు చదవకుండానే సంతకం పెట్టాడట. అయినా కోర్టు అతణ్ణి తప్పుపట్టి పంపేయలేదు.

ఈ తీర్పు మీదే 2025 అక్టోబరులో ఆ నియంత్రణ సంస్థ పరిహార పథకాన్ని ప్రతిపాదించింది. 2007 ఏప్రిల్ 6 నుంచి 2024 నవంబరు 1 వరకు జరిగిన ఒప్పందాల్లో దాదాపు 1.42 కోట్లు దీని కిందికి రావచ్చని, ఒక్కో ఒప్పందానికి సగటున 700 పౌండ్లు అందవచ్చని అంచనా వేసింది. కారు కొన్న ప్రతివారికీ కాదు. డీలరు చేతిలో వడ్డీ ఉండటం, కమీషన్ మరీ ఎక్కువగా ఉండటం, ఒకే కంపెనీతో ముడిపడిన సంగతి దాచడం, వీటిలో ఏదో ఒకటి జరిగి, దాన్ని సరిగా చెప్పని చోట మాత్రమే.

ఇక మనవాడికి వచ్చిన కాగితాలు. నాలుగో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది: వచ్చినదాంట్లో 30 శాతం ఫీజు, ఆ ఫీజు మీద 20 శాతం పన్ను. అంటే నూటికి 36. సగటున వస్తుందన్న 700 పౌండ్లలో 252 వాళ్ళకే. దాచిన కమీషన్ రాబట్టడానికి మళ్ళీ కమీషన్! పైగా మధ్యలో మానుకుంటే రద్దు రుసుము కూడా రాసుకున్నారు. ఫైనాన్సు కంపెనీకి ఫిర్యాదు రాయడానికి పైసా ఖర్చు లేదు. వాళ్ళ జవాబు నచ్చకపోతే ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్ళడానికీ ఖర్చు లేదు. పేరు, పాత చిరునామా, ఒప్పందం నంబరు, "నా అప్పులో డీలరుకు ఎంత ఇచ్చారు, వడ్డీ ఎవరు నిర్ణయించారు?" అన్న ప్రశ్న. ఇంతే ఉత్తరం. ఒప్పందం నంబరు పాత ఈమెయిల్లో దొరికింది. సంతకం పెట్టకుండా తనే రాసి పంపాడు.

మన దగ్గర ఇలాంటి తీర్పు ఏదీ రాలేదు కానీ షోరూమ్ బల్ల మాత్రం ఇక్కడా ఉంది. "రూపాయి వడ్డీయే మాస్టారూ" అంటారు. లక్ష రూపాయలకు రెండేళ్ళు మొదటి అసలు మీదే రూపాయి వడ్డీ వేసి వాయిదాలు కట్టించుకుంటే అసలు వడ్డీ ఏడాదికి 12 కాదు, 21 శాతం దాటుతుంది. తీరిపోయిన అసలుకూ వడ్డీ కడుతున్నాం మరి. 2024 అక్టోబరు 1 నుంచి కొత్తగా ఇచ్చే ఇలాంటి అప్పులకు ముఖ్య వివరాల పత్రం ఒకటి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశం. ఖర్చులన్నీ కలిపిన వార్షిక శాతం అందులో ఉంటుంది.

పోయిన నెల మా స్కూల్లో ఉర్దూ టీచరమ్మకు స్కూటీ కొనడానికి తోడు వెళ్ళాను. ఆ పత్రం ముందు చూపించమన్నాను. ఈ లోను ఇప్పిస్తే మీకెంత వస్తుంది బాబూ అని కూడా అడిగాను. కుర్రాడు నవ్వి మేనేజరు వైపు చూశాడు. మేనేజరు ఫోనులో ఉన్నాడు. రేపు వస్తామని చెప్పి ఆమె జీతం పడే బ్యాంకుకు వెళ్ళి అడిగాం. రెండు శాతం తక్కువకు దొరికింది.