కోపానికి ఒకటే గడి

2016 జూన్ 23న బ్రిటన్ ఓటరు చేతికొచ్చిన కాగితం మీద ఉన్నది ఒకే ప్రశ్న. యూరోపియన్ యూనియన్‌లో దేశం కొనసాగాలా, బయటికి రావాలా? కింద రెండు ఖాళీ గడులు. ఏదో ఒకదానిలో ఇంటూ గుర్తు పెడితే పని అయిపోయినట్టే. 72 శాతం మంది ఓటేశారు, వారిలో 51.9 శాతం బయటికే వెళదామన్నారు. ఆ తీర్పు మీద ఇప్పటికీ తరచుగా వినిపించే మాట ఒకటుంది: నాయకుల మీద కసితో, తెలిసీ తెలియక ఓటేసి, అత్త మీద కోపం దుత్త మీద చూపించారని. కోపం ఉన్న మాట నిజమే. తెలియనితనమూ కొంత ఉంది. అయితే తప్పంతా ఓటరు నెత్తిన రుద్దితే అసలు బాధ్యులు తప్పించుకుంటారు. తెలుసుకుని ఎంచుకునే వీలే లేకుండా ఆ ప్రశ్నను జనం ముందు పెట్టిన పాలకులదే మొదటి తప్పు.

ఆ కోపం ఒక్కరోజులో పుట్టింది కాదు. 2015 ఎన్నికల్లో యూనియన్ నుంచి బయటికి రావాలన్న యూకిప్ పార్టీకి దాదాపు 39 లక్షల ఓట్లు పడితే, పార్లమెంటులో దక్కింది ఒక్క సీటు. నియోజకవర్గంలో గెలిచినవాడికే అంతా దక్కే పద్ధతిలో లక్షలాది ఓట్లు లెక్కలోకే రాకుండా పోతాయి. ఒకే ప్రశ్న మీద జనాన్ని నేరుగా అడిగే రెఫరెండంలో అలా కాదు, ప్రతి ఓటుకీ ఒకే విలువ. కోపానికి మరో కారణం ఉపాధి పోవడం. దక్షిణ వేల్స్‌లోని ఎబ్బూ వేల్‌లో ఉక్కు కర్మాగారం 2002లో మూతపడింది. ఆ ప్రాంతానికి యూరప్ నిధులు బాగానే వచ్చాయి. అయినా ఆ ఊరున్న బ్లేనౌ గ్వెంట్‌లో 62 శాతం బయటికే ఓటేశారు. నిధులు వచ్చాయి గానీ, ఉక్కు కర్మాగారంతో పోయిన ఉద్యోగాలు తిరిగి రాలేదు. అలాంటి చోట ‘ఇప్పుడున్నట్టే ఉందాం’ అన్న మాట ఎవరి చెవికెక్కుతుంది?

ఇక తెలియనితనం సంగతి. వారానికి 35 కోట్ల పౌండ్లు యూరప్‌కు పంపుతున్నామని బయటికి రావాలన్న పక్షం ఒక ఎర్ర బస్సు మీద పెద్ద అక్షరాలతో రాసి ఊరూరా తిప్పింది. ప్రధాని థాచర్ కాలంలో సాధించుకున్న రాయితీని తీసేయకుండా వేసిన లెక్క అది. జనాన్ని తప్పుదారి పట్టిస్తోందని ప్రభుత్వ గణాంక సంస్థే ప్రచారం నడుస్తుండగా చెప్పింది. జనాభాలో యూరప్ దేశాల వారు ఎంతమంది అని ఇప్సోస్ మోరి సర్వేలో అడిగితే, సగటున 15 శాతం అన్నారు. నిజానికి 5 శాతమే. రెండోవైపూ తక్కువ తినలేదు. బయటికి వెళితే పన్నులు పెంచి, ఖర్చులు కోసే అత్యవసర బడ్జెట్ తప్పదని అప్పటి ఆర్థికమంత్రి జార్జ్ ఆస్బోర్న్ బెదిరించారు. ఆ బడ్జెట్ రానేలేదు. ప్రభుత్వం 93 లక్షల పౌండ్లు ఖర్చుపెట్టి 2.7 కోట్ల ఇళ్లకు ఒక కరపత్రం పంపింది. అదీ ‘ఉందాం’ అన్న పక్షానికే వకాల్తా. సమాచారానికి కరువు లేదు, ఇరుపక్షాలూ నమ్మే మనిషే కరువయ్యాడు.

బయటికి ఓటేసినవారికి తమకేం కావాలో స్పష్టంగా తెలుసు కదా అని అనేవారున్నారు. కొట్టిపారేయదగ్గ మాట కాదది. లార్డ్ యాష్‌క్రాఫ్ట్ సర్వేలో వారిలో దాదాపు సగం మంది, బ్రిటన్ నిర్ణయాలు బ్రిటన్‌లోనే జరగాలన్నదే ప్రధాన కారణంగా చెప్పారు. అది తెలివితక్కువ కోరిక ఏమీ కాదు. కానీ కోరిక తెలియడం వేరు, దానికి చెల్లించే ధర తెలియడం వేరు. బయటికి రావడంలోనే ఎన్నో దారులున్నాయి. నార్వేలా ఉమ్మడి మార్కెట్‌లో ఉండవచ్చు, కస్టమ్స్ ఒప్పందం ఒక్కటే ఉంచుకోవచ్చు, అన్నీ తెంచుకోవచ్చు. యూనియన్‌లోనే ఉండే ఐర్లాండ్‌తో ఉత్తర ఐర్లాండ్ సరిహద్దు సంగతి ఒక్కో దారిలో ఒక్కోలా తేలుతుంది. ఓటు కాగితంలో వీటిలో ఒక్కటీ లేదు. బయటికి రావాల్సి వస్తే ఏం చేయాలో ప్రణాళిక వేయవద్దని అప్పటి ప్రధాని కామెరాన్ ప్రభుత్వం తన శాఖలకు చెప్పింది. అది ఘోరమైన నిర్లక్ష్యమని పార్లమెంటు విదేశీ వ్యవహారాల కమిటీ తర్వాత తప్పుపట్టింది. 2019 జనవరిలో ఆయన తర్వాత ప్రధాని అయిన థెరిసా మే తెచ్చిన ఒప్పందాన్ని పార్లమెంటు 432–202 ఓట్లతో తిరస్కరించింది. ఏ దారిన బయటికి రావాలో పార్లమెంటే తేల్చుకోలేకపోయింది, సామాన్య ఓటరు ముందే తేల్చుకోవాల్సిందనడం ఏం న్యాయం?

అలాగైతే రెఫరెండాలే వద్దా? సాధారణ ఎన్నికల్లోనూ జనం అన్నీ చదివి ఓటేయరు కదా? వేయరు. కానీ ఆ తప్పును ఐదేళ్లకు దిద్దుకోవచ్చు, ఇలాంటి తీర్పును అంత తేలిగ్గా వెనక్కి తిప్పలేం. అందుకే ముందస్తు కసరత్తు ఎక్కువ కావాలి. అది సాధ్యమేనని పక్కనున్న ఐర్లాండ్ చూపించింది. అబార్షన్ వంటి సున్నితమైన విషయం మీద ముందుగా, లాటరీ పద్ధతిలో ఎంపికైన 99 మంది సామాన్య పౌరులు ఒక న్యాయమూర్తి అధ్యక్షతన వారాంతాల్లో కూర్చుని నిపుణులను, రెండు పక్షాలనూ విన్నారు. రాజ్యాంగంలోని నిషేధం పోతే ఎలాంటి చట్టం తెస్తామో ప్రభుత్వం ఓటింగుకు ముందే ముసాయిదా బయటపెట్టింది. 2018 మేలో 66.4 శాతం మార్పుకు ఓటేశారు. ఓడినవారు బాధపడ్డారు గానీ, దేనికి ఓటేశామన్న గొడవ మాత్రం రాలేదు.

బ్రెగ్జిట్ అని పేరుపడ్డ ఈ బయటికి వెళ్లే ఓటులో మనవాళ్లకూ పాత్ర ఉంది. కామన్‌వెల్త్ పౌరులకు ఓటు ఇవ్వడంతో భారత పాస్‌పోర్టుతో లండన్‌లో ఉంటున్న తెలుగువారూ ఓటేయగలిగారు, ఏళ్ల తరబడి అక్కడే పన్నులు కడుతున్న ఫ్రెంచివారు వేయలేకపోయారు. ఎవరిని అడగాలి, ఏం అడగాలి, జవాబు తర్వాత ఏం చేయాలి అన్నవన్నీ పాలకుల చేతిలోనివే. కోపాన్ని వెళ్లగక్కే హక్కు ఓటరుకు ఉంది. ఆ కోపం ఏ నిర్ణయానికి దారితీస్తుందో ఓటుకు ముందే రాసి చూపించాల్సిన బాధ్యత అడిగినవారిది. అది చేయనివారికి, ఫలితం వచ్చాక జనాన్ని అజ్ఞానులనే అర్హత లేదు.