కంది మొక్కకు దాహమెందుకు?

పిల్లలూ! తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆఫ్రికాలోని మలావీ రైతులూ మొక్కజొన్నలో కంది వేస్తారు. 1972లో మన పటాన్‌చెరులో వెలసిన ఇక్రిశాట్ అక్కడా పనిచేసింది.

అక్కడికి వెళ్లిన సలహాదారు పొద్దున్నే చేలోకి దిగుతారు. వాడిన మొక్కను చూసి వెంటనే "నీళ్లు పెట్టండి" అనరు. మొక్కను పీకి, కాండాన్ని నిలువునా చీల్చి చూస్తారు. లోపల నల్లని చారలుంటే అది ఎండు తెగులు. ఫ్యుజేరియం అనే శిలీంధ్రం నేలలో దాగి, వేళ్లలో చొరబడి, నీటి నాళాలను మూసేస్తుంది. నేలలో తడి ఉన్నా మొక్క దాహంతో చస్తుంది! అప్పుడిక నీళ్లు పోసి లాభమేమిటి? తెగులును తట్టుకునే విత్తనమే దిక్కు. మలావీలో 1987లో విడుదలైన ఐసిపి 9145 అలాంటిదే.

వికారాబాద్, తాండూరు చేలలో వాడిన కంది కనబడితే, రైతు నడిగి మీరూ చీల్చి చూడండి.