ఎగుడుదిగుడు పచ్చికను చదును చేసుకోవడం



ఊరి చివర తోట ఇల్లు గాని, విశాలమైన ఆవరణ ఉన్న పాత ఇల్లు గాని ఉన్నవాళ్ళకి పచ్చిక ఒక ముచ్చట. అయితే పచ్చగా కనిపించినంత మాత్రాన సరిపోదు కదండీ! అడుగు వేస్తే కాలు మడతపడి, వాన కురిస్తే గుంటల్లో నీళ్ళు నిలిచే చోట పెద్దవాళ్ళు నడవడానికే జంకుతారు. వయసు మళ్ళినవాళ్ళు ఒక్కసారి పడితే తుంటి ఎముక విరగవచ్చు. అంచేత నేల చదును చేయించడం సోకు కోసం చేసే పని కాదు.

ఈ మాట ఎత్తగానే "నాలుగు ట్రాక్టర్ల మట్టి పోయించి రోలరు తిప్పించండమ్మా" అంటారు పనివాళ్ళు. తొందరపడకండి. నేల ఎందుకు కుంగిందో ముందు చూడండి. గొట్టాల కోసం తవ్వి పూడ్చిన చోటు కుంగితే గుంట తిన్నగా, పొడుగ్గా ఉంటుంది. కొట్టేసిన చెట్టు మొద్దు లోపల పుచ్చిపోతే గుండ్రంగా ఉంటుంది. పందికొక్కు బొరియలుంటే కాలు దిగబడుతుంది. నల్లరేగడి అయితే ఎండలకి బీటలిచ్చి, వానకి ఉబ్బి, ఏటా కదులుతూనే ఉంటుంది. పుచ్చిన మొద్దు తీయకుండా, బొరియ పూడ్చకుండా పైన మట్టి పోస్తే మళ్ళీ వానలకి అక్కడే గుంట. డబ్బంతా మట్టిపాలు! రోలరు కూడా మిట్టల్ని తీసెయ్యదు. తడినేల మీద తిప్పితే మట్టి బిగుసుకుని గడ్డివేళ్ళకి గాలి అందదు.

తొలకరి జల్లులు పడ్డాక పని మొదలుపెట్టండి. మేకులు పాతి, పురికొస బిగించి కడితే మిట్టా పల్లం ఇట్టే తెలుస్తాయి. ఇంటి గోడ నుంచి బయటివైపుకి పది అడుగులకి సుమారు రెండు అంగుళాల వాలు ఉంచండి.

అంగుళం లోపు పల్లాలకి తవ్వకం అక్కరలేదు. జల్లించిన మట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, అర అంగుళం మందాన చల్లి, చీపురుతో సర్దండి. గడ్డి కొనలు పైకి కనిపిస్తుండాలి. గడ్డి పైకొచ్చాక మరో అర అంగుళం. అంతకన్నా లోతైన గుంట అయితే గడ్డిని వేళ్ళతో సహా, రెండంగుళాల మందాన, పారతో చాపలా లేపి పక్కన పెట్టండి. గుంట నింపి, తొక్కి, నీరు పెట్టి, మళ్ళీ ఆ చాప పరవండి. మిట్ట అయితే చాప లేపి, కింద మట్టి తీసెయ్యడమే.

1000 చదరపు అడుగుల చోటు అంగుళం ఎత్తు పెరగాలంటే దాదాపు 83 ఘనపుటడుగుల మట్టి కావాలి. ఈ లెక్క తెలిస్తే ఎన్ని లోడ్లు అవసరమో మీరే చెప్పగలరు. వచ్చిన మట్టిలో తుంగగడ్డలున్నాయేమో చేత్తో కలియబెట్టి చూడండి. తుంగ ఒకసారి చేరితే వదలదు.

ఇక బోసిపోయిన చోట్లు. అక్కడ మట్టి గుల్ల చేసి, తడిపి, రెండు వారాలు ఆగండి. మొలిచిన కలుపు పీకేశాకే గరిక విత్తనం వెయ్యండి. 100 చదరపు గజాలకి దాదాపు అర కిలో చాలు. విత్తనం చాలా సన్నం కాబట్టి పొడి ఇసుక కలిపి, సగం నిలువుగా, సగం అడ్డంగా చల్లండి. పైన పలుచగా మట్టి కప్పితే చాలు, పాతిపెట్టకూడదు. చిల్లుల మూత డబ్బాతో రోజూ తడపాలి. గొట్టంతో ధారగా పోస్తే విత్తనం కొట్టుకుపోతుంది. మొలకలు రావడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు.

విత్తనం దొరకకపోతే విచారం లేదు. ఉన్న గరికనే రెండు మూడు కణుపుల ముక్కలుగా తుంచి, నాలుగంగుళాల ఎడంగా గుచ్చండి. కాస్త ఆలస్యమైనా అల్లుకుంటుంది. మామిడి కింద, వేప కింద మాత్రం వద్దు. గరికకి ఎండ కావాలి.

గడ్డి రెండంగుళాలు పెరిగేదాకా పిల్లల్ని, పశువుల్ని అటు రానివ్వకండి. చోటు అరెకరం ఉన్నా భయపడనక్కరలేదు. ఇంటివాళ్ళు రోజూ నడిచే దారి పక్కన ముందు మొదలుపెట్టి, ఈ ఏడు కొంత, పై ఏడు కొంత చేసుకోండి.