కూర్చున్న కండరం కథ

అజైబాలో మన తెలుగువాళ్ళం నలుగురం కలిస్తే, సినిమాలతో మొదలైన కబుర్లు షుగరు దగ్గర ఆగుతాయి. పోయినేడాది నా రక్తపరీక్షలోనూ చక్కెర హద్దు మీద నిలబడింది. నాన్నగారికి షుగరు ఉంది కనుక భయం వేసింది. "యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు వేసుకోండి అన్నయ్యా" అన్నాడో మిత్రుడు. డబ్బా కొన్నాను. కొన్నాక, అసలు ఈ ఆక్సిడెంట్ల గొడవేమిటో చదవడం మొదలుపెట్టాను.

కండరం ఖర్చుపెట్టే నాణెం పేరు ఏటీపీ. 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి దాన్ని కండరంలో గుర్తించినవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఈ నాణేల టంకశాల మైటోకాండ్రియా. తిన్న చక్కెర, కొవ్వుల నుంచి ఎలక్ట్రాన్లు తీసి, వరసగా చేతులు మార్చి, చివరికి ఆక్సిజన్‌కి అందిస్తుంది. దారిలో కొన్ని జారిపోయి ఆక్సిజన్‌ని ఫ్రీ రాడికల్‌గా మారుస్తాయి. వీటిని కణం ఎప్పటికప్పుడు ఊడ్చేసుకుంటుంది. ఊడ్చేదానికన్నా పుట్టేది ఎక్కువైతే అదే ఆక్సిడేటివ్ స్ట్రెస్.

పరిగెత్తితేనే ఇది వస్తుందనుకునేవాణ్ణి. కానీ బిర్యానీ తిని, ఏసీ కారులో ఇంటికొచ్చి, కుర్చీలో కూలబడ్డా వస్తుంది. ఇంధనం నిండా ఉంది, ఏటీపీ అడిగేవాడు లేడు. వరస ముందుకు కదలక ఎలక్ట్రాన్లు పక్కకి ఒలుకుతాయి. రోజూ ఇదే తంతయితే కండరం ఇన్సులిన్ మాట వినడం తగ్గిస్తుంది. ఇన్సులిన్ పిలిచినప్పుడు చక్కెర తీసుకోవడంలో పెద్ద వాటా కండరాలదే. అవి తలుపు మూస్తే చక్కెర రక్తంలోనే తిరుగుతుంది.

మరి వ్యాయామంలో పుట్టే రాడికల్సో? అవి కాసేపు వచ్చి పోతాయి. వాటిని కబురుగా తీసుకుని కణం తన రక్షణనీ, మైటోకాండ్రియానీ పెంచుకుంటుంది. 2009లో జర్మనీలో రిస్టో బృందం ఆరోగ్యంగా ఉన్న యువకులచేత నాలుగు వారాలు వ్యాయామం చేయించింది. అందులో కొందరికి రోజూ 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చింది. మాత్రలు లేనివారిలో ఇన్సులిన్ బాగా పనిచేయసాగింది, మాత్రలు మింగినవారిలో ఆ మేలు కనపడలేదు. తర్వాతి ప్రయోగాలన్నీ ఇంత గట్టిగా చెప్పకపోయినా, నడకకి మాత్ర బదులని మాత్రం ఏదీ చెప్పలేదు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ఎర్రర్ మెసేజి చెరిపేస్తే బగ్గు పోదు.

డాక్టరుగారిచ్చిన మందులు మానమని నేననను. మన చేతిలో, కాదు, కాళ్ళలో ఉన్నదాన్ని వాడుకుందామంటున్నాను. ఇప్పుడు రాత్రి భోజనం కాగానే మా ఆవిడా నేనూ అజైబా బీచి వెంట అరగంట నడుస్తున్నాం. ఆ డబ్బా అలమారలో అలాగే ఉంది. మీరూ రండి, కబుర్లు నడుస్తూ చెప్పుకుందాం.