పరాయి రాష్ట్రంలో తెలుగు శుభలేఖ: తక్కువ ఖర్చుతో ముద్రణ

కిమ్ (సూరత్ జిల్లా): సూరత్ నుంచి బరూచ్ వెళ్లే రైలు మార్గంలో, నగరానికి సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో కిమ్ ఉన్నది. సూరత్ చుట్టూ విస్తరించిన మరమగ్గాల పనిని నమ్ముకుని కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల పద్మశాలి కుటుంబాలు దశాబ్దాలుగా ఇటు వలస వచ్చాయి. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నెలకొల్పింది. అటువంటి కుటుంబంలో పెళ్లి కుదిరితే శుభలేఖ దగ్గరే ఖర్చు రెండింతలవుతుంది. స్వగ్రామంలోని బంధువులకు తెలుగు పత్రిక పంపాలి. ఇరుగుపొరుగు వారికి, మగ్గాల యజమానికి గుజరాతీ 'కంకోత్రి' ఇవ్వాలి.

ఆఫ్‌సెట్ ముద్రణలో అక్షరాల కూర్పు, ప్లేటు తయారీ, యంత్రాన్ని సిద్ధం చేయడం అనే మూడు ఖర్చులు వంద ప్రతులకైనా వెయ్యి ప్రతులకైనా దాదాపు ఒక్కటే. వెయ్యి ప్రతులు వేయించేవారికి ఈ భారం తెలియదు. నూటయాభై, రెండు వందలతో సరిపెట్టుకునేవారికి ఒక్కొక్క ప్రతి ఖరీదు పెరిగిపోతుంది. శుభలేఖల వ్యాపారానికి పేరుపొందిన హైదరాబాద్ ఛత్తా బజార్ నుంచి తెప్పించుకుంటే రవాణా ఖర్చు తోడవుతుంది. తప్పు దొర్లితే మళ్లీ ముద్రించే వ్యవధి ఉండదు. అందువల్ల తక్కువ ప్రతులు కావలసినవారు కూర్పు తామే చేసుకుని, సమీపంలోని జిరాక్స్ దుకాణంలో లేజర్ ముద్రణ చేయించుకోవడం లాభదాయకం.

కాగితం లెక్క సులభమైనదే. ఏ4 పరిమాణపు అట్టకాగితాన్ని నాలుగు సమభాగాలు చేస్తే 105 మిల్లీమీటర్ల వెడల్పు, 148 మిల్లీమీటర్ల పొడవు గల నాలుగు పత్రికలు వస్తాయి. ఒకవైపు తెలుగు, మరొకవైపు గుజరాతీ ముద్రిస్తే రెండు పత్రికల అవసరం ఒక్కదానితో తీరుతుంది. 200 పత్రికలకు 50 కాగితాలు చాలు. పాడయ్యేవాటికి మరో ఐదు కలుపుకోవాలి. చదరపు మీటరుకు 250 గ్రాముల బరువున్న అట్ట వాడితే ఒక్కొక్క పత్రిక నాలుగు గ్రాములకు మించదు కనుక తపాలా ఖర్చు కూడా అదుపులో ఉంటుంది. 114, 162 మిల్లీమీటర్ల కొలతల కవరు దీనికి సరిపోతుంది.

అసలు చిక్కు తెలుగు లిపితో వస్తుంది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు చోటు దక్కినా, పాత పద్ధతి ఫాంట్లు వాడే దుకాణాలు ఇంకా ఉన్నాయి. ఫోనులో టైపు చేసి పంపిన వాక్యాలు అక్కడ అర్థంలేని గుర్తులుగా మారుతాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు అక్షరాల నుంచి విడిపోతాయి. మండలి, రామభద్ర, గిడుగు వంటి ఫాంట్లు ఉచితంగా లభిస్తున్నాయి. వాటితో కూర్చి, ఫాంటును పొందుపరచిన పీడీఎఫ్ రూపంలో దుకాణానికి ఇస్తే ఈ ఇబ్బంది తప్పుతుంది. 'శ్రీరస్తు', 'లక్ష్మి', 'జ్యోత్స్న' వంటి మాటలు సరిగా వచ్చాయో లేదో ముందుగా ఒక ప్రతి తీయించి చూడాలి.

చీరల అద్దకానికి పేరుపొందిన సూరత్‌లో స్క్రీన్ ముద్రణ తెలియనివారు అరుదు. పత్రికలకూ అదే పద్ధతి పనికివస్తుంది. రంగుకొక స్క్రీన్ కావాలి కనుక ఒకే రంగుతో సరిపెట్టుకుంటే ఖర్చు తగ్గుతుంది. అయితే జాలీ ముతకదైతే చిన్న అక్షరాల తలకట్లు, ఒత్తులు పూడిపోతాయి. ఇంటి ఇంక్‌జెట్ ప్రింటరుతో మరో ప్రమాదం ఉన్నది. పత్రిక మూలలకు తడి పసుపు రాసే ఆచారం మనది. ఆ తడికి చాలా రకాల ఇంక్‌జెట్ సిరాలు చెదిరిపోతాయి. లేజర్ అక్షరాలు చెదరవు.

ముద్రణకు ముందు ముహూర్తాన్ని మరొక్కసారి సరిచూడాలి. పంచాంగం ప్రకారం రోజు సూర్యోదయంతో మారుతుంది. ఇంగ్లీషు తేదీ అర్ధరాత్రే మారుతుంది. రాత్రి రెండు గంటల ముహూర్తానికి 'తెల్లవారితే' ఏ తేదీయో రాయకపోతే బంధువులు ఒక రోజు ఆలస్యంగా వచ్చే ప్రమాదం ఉన్నది. సంవత్సరం విషయమూ అంతే. తెలుగు సంవత్సరం ఉగాదితోను, గుజరాతీ విక్రమ సంవత్సరం దీపావళి మరునాడు కార్తీకంలోను మొదలవుతాయి కనుక ఒకవైపు లెక్కను రెండోవైపు యథాతథంగా దించరాదు.

వివాహ నమోదు సమయంలో శుభలేఖను కూడా ఆధారంగా అడగడం పరిపాటి. వధూవరుల పేర్లు ఆధార్ కార్డులో ఉన్నట్లే ముద్రిస్తే తరువాత కార్యాలయం చుట్టూ తిరిగే శ్రమ తప్పుతుంది. పెద్దలిద్దరు, గుజరాతీ చదవగల పొరుగువారొకరు నమూనా ప్రతిని చూసి సరేనన్న తరువాతే మిగిలిన కాగితాన్ని యంత్రానికి ఇవ్వడం మేలు. ఇలా మిగిలిన సొమ్ము పెళ్లికి స్వగ్రామం వెళ్లే కుటుంబానికి రైలు టికెట్లకైనా అక్కరకు వస్తుంది.